ఢీకొన్న ఆ కొన్ని మిల్లీసెకన్లలో ఘర్షణ ఏం చేస్తుంది?

[తెర మీద: ఒక బంతి ఏటవాలుగా వచ్చి నేలను తాకుతుంది. తాకిన క్షణంలో దృశ్యం ఆగిపోతుంది.]

ఈ బంతి నేలను తాకి మళ్ళీ లేవడానికి 5 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. ఇంత కొద్దిసేపట్లో ఘర్షణ ఏం చేయగలదు? చాలామంది వేసే లెక్క ఇలా ఉంటుంది. బంతి 160 గ్రాములు, అంటే బరువు సుమారు 1.6 న్యూటన్లు. ఘర్షణ గుణకం మ్యూ 0.2. రెండూ గుణిస్తే ఘర్షణ బలం 0.3 న్యూటన్లు. 5 మిల్లీసెకన్లలో అంత చిన్న బలం చేసేదేముంది, వదిలేద్దాం అనుకుంటారు.

తప్పు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. ఘర్షణ చూసేది బరువును కాదు. రెండు తలాలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుకుంటున్నాయో దాన్ని చూస్తుంది. బల్ల మీద కదలకుండా ఉన్న పుస్తకం విషయంలో ఆ నొక్కుడు బరువుకి సమానం, అంతే. మన బంతి సెకనుకు 5 మీటర్ల వేగంతో కిందికి వచ్చింది, 4 మీటర్ల వేగంతో పైకి లేచింది. వేగంలో మార్పు 9. దాన్ని 0.16 కిలోలతో గుణిస్తే నేల ఇచ్చిన ప్రచోదనం, అంటే బలం ఇంటూ సమయం, 1.44 న్యూటన్ సెకన్లు. దీన్ని 5 మిల్లీసెకన్లతో భాగించండి.

[తెర మీద: పెద్ద అక్షరాల్లో 288 న్యూటన్లు. పక్కన చిన్నగా 1.6 న్యూటన్లు.]

సగటున 288 న్యూటన్లు. బంతి బరువుకి సుమారు 180 రెట్లు! ఘర్షణ కూడా అదే నిష్పత్తిలో పెరిగి దాదాపు 58 న్యూటన్లు అవుతుంది. ఇక దాన్ని వదిలేయడం కుదరదు.

ఇంకో మంచి సంగతి. తాకిడి 5 మిల్లీసెకన్లు కాకుండా 1 మిల్లీసెకనే ఉంటే బలం ఐదు రెట్లవుతుంది, సమయం ఐదో వంతవుతుంది. ప్రచోదనం మాత్రం మారదు. అందుకే దృఢ వస్తువుల అభిఘాతంలో, అంటే ఢీకొనడంలో, బలాల జోలికి వెళ్ళం, ప్రచోదనాలతోనే పని కానిస్తాం. బల్ల మీద జారే పుస్తకానికి చెప్పే కూలుంబ్ సూత్రమే ఇక్కడ ఈ రూపం తీసుకుంటుంది: తలం వెంబడి వచ్చే ఘర్షణ ప్రచోదనం, తలానికి నిటారుగా వచ్చే లంబ ప్రచోదనానికి మ్యూ రెట్ల కంటే మించదు.

"మించదు" అన్న మాట గట్టిగా పట్టుకోండి. అంతే వస్తుందని కాదు, అంతకు మించి రాదని. ఈ వీడియో మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది.

[తెర మీద: బంతి, నేల తాకే బిందువు దగ్గరికి కెమెరా వెళ్తుంది. తాకే బిందువు ఎర్రగా, బంతి కేంద్రం నీలంగా.]

ఘర్షణకి బంతి కేంద్రం ఎంత వేగంగా పోతోందో పట్టదు. నేలను తాకుతున్న ఈ ఎర్రటి బిందువు నేల మీద జారుతోందా లేదా, అదొక్కటే దానికి కావాలి. బంతి తిరగకుండా వస్తే ఎర్ర బిందువు వేగం, కేంద్రం వేగం ఒకటే. తిరుగుతూ వస్తే వ్యాసార్ధం, కోణీయ వేగాల లబ్ధాన్ని అందులోంచి తీసేయాలి, లేదా కలపాలి. ఏ వైపు తిరుగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు బంతి తిరగకుండా వస్తోంది. కిందికి 5, అడ్డంగా 4. బంతి లోపల కూడా నిండుగా ఉన్న ఘనగోళం. ఎర్ర బిందువు 4 వేగంతో ముందుకి జారుతోంది, కాబట్టి ఘర్షణ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకి రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: కేంద్రం నెమ్మదిస్తుంది, బంతి ముందుకి దొర్లే దిశలో తిరగడం మొదలుపెడుతుంది. రెండూ కలిసి ఎర్ర బిందువు జారుడుని తగ్గిస్తాయి. ఘనగోళానికి జడత్వ భ్రామకం, అంటే తిరుగుడుని అది ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, ద్రవ్యరాశి ఇంటూ వ్యాసార్ధ వర్గంలో ఐదింట రెండు వంతులు. అందువల్ల కేంద్రం వేగం 1 తగ్గేసరికి తిరుగుడు వల్ల మరో 2.5 తగ్గుతుంది. మొత్తం 3.5. అంటే జారుడు పూర్తిగా ఆగిపోవడానికి కేంద్రం కోల్పోవలసింది జారుడు వేగంలో ఏడింట రెండు వంతులే.

4లో ఏడింట రెండు వంతులు 1.14. ఘర్షణ అందించగలిగేది 0.2 ఇంటూ 9, అంటే 1.8. సరిపోయి మిగిలింది. జారుడు తాకిడి మధ్యలోనే ఆగిపోతుంది. బంతి అడ్డంగా 2.86 వేగంతో లేస్తుంది. అది 4లో సరిగ్గా ఏడింట ఐదు వంతులు.

అదే బంతిని అడ్డంగా 10 వేగంతో విసిరితే? కావలసింది 2.86, ఉన్నది 1.8. చాలదు. తాకినంతసేపూ బంతి జారుతూనే ఉంటుంది. అడ్డ వేగం 8.2 దగ్గర ఆగుతుంది, బంతి పైకి లేచే క్షణంలో కూడా ఎర్ర బిందువుకి 3.7 జారుడు మిగిలి ఉంటుంది.

[తెర మీద: రెండు బంతులు పక్కపక్కన, ఎడమది 4 వేగంతో, కుడిది 10 వేగంతో. మ్యూ మీట 0.2 నుంచి మెల్లగా పైకి జరుగుతుంది. ఎడమ బంతి దారి మారదు. కుడి బంతి దారి 0.32 దాకా మారి, తర్వాత నిలిచిపోతుంది.]

ఈ మీటను కాస్త సేపు గమనించండి. ఎడమ బంతికి మ్యూ 0.2 అయినా 0.9 అయినా ఫలితం ఒకటే. జారుడు ఒకసారి ఆగాక మ్యూకి లెక్కలో చోటు లేదు. కుడి బంతికి 0.32 దాటాక అదే పరిస్థితి. "గరుకు పెంచితే ప్రభావం పెరుగుతూనే ఉంటుంది" అన్న ఊహ ఇక్కడ చెల్లదు. ప్రతి అభిఘాతంలోనూ ముందు అడగాల్సింది మ్యూ ఎంత అని కాదు, జారుడు మధ్యలో ఆగిందా, ఆగలేదా అని.

ఘర్షణ ఎప్పుడూ వేగం తగ్గిస్తుందనేది కూడా నిజం కాదు. టేబుల్ టెన్నిస్ బంతి తీసుకోండి. వ్యాసం 40 మిల్లీమీటర్లు, లోపల డొల్ల. అడ్డంగా 5, కిందికి 3 వేగంతో వస్తోంది, సెకనుకు సుమారు 64 చుట్లు ముందుకి తిరుగుతోంది. ఆ తిరుగుడు వల్ల అంచు వేగం 8. అంటే బల్లను తాకే బిందువు ముందుకి కాదు, 3 వేగంతో వెనక్కి జారుతోంది. ఘర్షణ ముందుకి నెడుతుంది. డొల్ల గోళానికి నిష్పత్తి ఏడింట రెండు కాదు, ఐదింట రెండు. బల్ల పట్టు చాలినంత ఉంటే బంతి 5తో వచ్చి 6.2తో పోతుంది. ప్రత్యావస్థాన గుణకం, అంటే పైకి లేచే వేగానికీ కిందికి వచ్చిన వేగానికీ ఉన్న నిష్పత్తి, 0.9 అనుకుంటే అందుకు కావలసిన మ్యూ 0.21. అవతలి ఆటగాడికి బంతి బల్ల మీద పడి ముందుకి దూకినట్టు కనిపించేది ఇందుకే. ఆ అదనపు వేగం తిరుగుడులోంచి వచ్చిందే, కొత్తగా పుట్టిన శక్తి ఏమీ లేదు.

[తెర మీద: పై నుంచి స్నూకర్ బల్ల. తెల్ల బంతి ఎర్ర బంతిని ఒక పక్కగా తాకుతుంది.]

రెండు బంతులు ఢీకొన్నప్పుడు కూడా ఇదే కథ. ఘర్షణ లేకపోతే ఎర్ర బంతి రెండు కేంద్రాలను కలిపే గీత మీదే పోవాలి. కానీ ఆ నున్నటి బంతుల మధ్య కూడా కొంచెం మ్యూ ఉంటుంది, 0.06 అనుకుందాం. తెల్ల బంతి తిరుగుడు లేకుండా, గీతకి 30 డిగ్రీల కోణంలో వచ్చి తగిలితే తాకిడి అంతా జారుడే. ఎర్ర బంతి దారి తెల్ల బంతి పోతున్న వైపుకి 3.4 డిగ్రీలు వంగుతుంది. అది ఆ మ్యూకి సంబంధించిన కోణం, అంతే. కోణం 15 డిగ్రీలకి తగ్గించండి. జారుడు మధ్యలోనే ఆగిపోతుంది, వంపు 2.2 డిగ్రీలే. ప్రత్యావస్థాన గుణకం 0.95 తీసుకుంటే ఈ రెండు పద్ధతుల మధ్య సరిహద్దు 22 డిగ్రీల దగ్గర పడుతుంది. 3.4 డిగ్రీలంటే చిన్నదనుకోకండి, మీటరు దూరం పోయేసరికి దాదాపు 6 సెంటీమీటర్లు పక్కకి తప్పుతుంది. తాకే చోట సుద్ద పొడి అంటుకుని ఉంటే మ్యూ ఒక్కసారిగా పెరుగుతుంది, చక్కగా కొట్టిన దెబ్బ కూడా గురి తప్పుతుంది.

జారుడు ఆగడంతో సరిపెట్టుకోని బంతులూ ఉన్నాయి. బాగా ఎగిరే గట్టి రబ్బరు బంతి తాకే చోట పక్కకి కూడా సాగి, స్ప్రింగులా తిరిగి లాగుతుంది. ఎర్ర బిందువు ఆగి, వెనక్కి మళ్ళుతుంది. ఇలాంటి బంతి కదలికను 1969లో రిచర్డ్ గార్విన్ లెక్కగట్టి చూపాడు. పక్క దిశలో కూడా పూర్తి స్థితిస్థాపకత ఉందనుకుంటే మన 4 వేగం 1.71కి పడిపోయి, అంచు వేగం 5.71 అవుతుంది. అలాంటి బంతిని బల్ల కిందికి ఏటవాలుగా విసిరితే నేలకి, బల్ల అడుగుకి, మళ్ళీ నేలకి తగిలి విసిరిన వైపుకే తిరిగొస్తుంది. కఠినమైన దృఢ వస్తువుల నమూనాలో ఈ గుణం ఉండదు, కావాలంటే పక్క దిశకి వేరే గుణకం చేర్చుకోవాలి.

[తెర మీద: 45 డిగ్రీల వాలులో ఒక కడ్డీ నిలువుగా కిందికి పడుతోంది. కింది కొన ఎడమవైపు, ద్రవ్యరాశి కేంద్రం దానికి కుడివైపు పైన.]

ఇక అసలు చిక్కు. గోళానికి ఒక సౌలభ్యం ఉంది. తాకే బిందువు సరిగ్గా కేంద్రం కిందే ఉంటుంది, కాబట్టి లంబ ప్రచోదనం బంతిని తిప్పదు. ముందు లంబ దిశ లెక్క ముగించి, తర్వాత తీరిగ్గా ఘర్షణ సంగతి చూసుకోవచ్చు. ఈ కడ్డీ దగ్గర అలా కుదరదు.

కడ్డీ ద్రవ్యరాశి 1 కిలో, అంతటా ఒకే మందం. తిరగకుండా, నిట్టనిలువుగా కిందికి 10 వేగంతో పడింది. పక్కకి కదలిక అసలు లేదు. ఘర్షణ ఎందుకు వస్తుంది మరి? నేల కొనను పైకి నెట్టగానే కడ్డీ తిరగడం మొదలవుతుంది, ఆ తిరుగుడుకి కొన ఎడమకి జారబోతుంది. ఘర్షణ దాన్ని కుడికి నెడుతుంది. జారనివ్వకుండా పట్టుకోవాలంటే ఈ కోణంలో లంబ ప్రచోదనంలో 0.6 వంతు కావాలి. అంటే మ్యూ 0.6 లేదా అంతకు పైన ఉంటే కొన కదలదు.

ప్రత్యావస్థాన గుణకం 0.5 పెట్టి రెండు లెక్కలూ పక్కపక్కన చూద్దాం. ఘర్షణ లేకపోతే లంబ ప్రచోదనం 6 న్యూటన్ సెకన్లు. కొన పట్టుకుని ఉంటే 9.4. ఘర్షణ తలం వెంబడి పనిచేసేదే కదా, లంబ ప్రచోదనం 56 శాతం ఎలా పెరిగింది? కుడికి నెట్టిన ఘర్షణ కడ్డీ తిరుగుడుని అడ్డుకుంది. తిరిగి తప్పించుకునే వీలు తగ్గేసరికి కొన నేలకి మరింత బరువైన వస్తువులా తగిలింది. పర్యవసానం కూడా చూడండి. ఘర్షణ లేని కడ్డీ కేంద్రం దెబ్బ తర్వాత ఇంకా 4 వేగంతో కిందికే పోతుంది, పక్కకి కదలదు. ఘర్షణ ఉన్న కడ్డీ కేంద్రం కిందికి 0.6 వేగంతో మాత్రమే పోతుంది, కానీ కుడికి 5.6 వేగంతో దూసుకుపోతుంది. నిట్టనిలువుగా పడ్డ వస్తువు దాదాపు అడ్డంగా వెళ్ళిపోయింది!

[తెర మీద: అదే కడ్డీ, ఈసారి కుడివైపు కూడా కదులుతూ వస్తోంది. పక్కన శక్తి చూపే నిలువు పట్టీ.]

ఇప్పుడు అదే కడ్డీని కిందికి 10, కుడికి 9.46 వేగంతో పంపుదాం. మ్యూ 0.8, ప్రత్యావస్థాన గుణకం 1. మొదట కొన కుడికి జారుతోంది, ఘర్షణ ఎడమకి లాగుతుంది. ఆ ఎడమ లాగుడు తిరుగుడుకి తోడై కొనని పైకి లేపుతుంది, కాబట్టి కిందికి వచ్చే వేగం త్వరగా చచ్చిపోతుంది. కావాలనే ఎంచిన అంకె అది: కొన కిందికి రావడం ఆగే క్షణంలోనే, అంటే నొక్కుడు దశ ముగిసేసరికే, జారుడు కూడా ఆగుతుంది. ఆ తర్వాత కొన పట్టుకుంటుంది, ఘర్షణ దిశ మారి కుడికి తిరుగుతుంది. ఇప్పుడు కొనను పైకి పంపడం కష్టం. నొక్కుడు దశలో 2.7 న్యూటన్ సెకన్లతో అయిన పనికి, తిరిగి లేచే దశలో 6.25 కావాలి.

ప్రత్యావస్థాన గుణకం 1 అంటే కొన ఎంత వేగంతో వచ్చిందో అంతే వేగంతో లేవాలని, ఆ గుణకానికి న్యూటన్ ఇచ్చిన నిర్వచనం చెబుతుంది. సరే, అలాగే లెక్కేద్దాం. ముందు గతిజ శక్తి 94.7 జౌళ్ళు. తర్వాత 102.3 జౌళ్ళు!

నేల కదల్లేదు, బయటి నుంచి ఎవరూ నెట్టలేదు, పైగా ఘర్షణ కొంత శక్తిని తినేసింది. అయినా 7.5 జౌళ్ళు ఎక్కువ. లెక్కలో కూడికల పొరపాటు లేదు. నిర్వచనమే ఇక్కడ పనికిరాదు. 1984లో థామస్ కేన్ గరుకు నేలను తాకే జంట లోలకంతో ఇదే ఇబ్బందిని జనం ముందు పెట్టాడు. వచ్చే వేగాన్నీ పోయే వేగాన్నీ పోల్చే న్యూటన్ నిర్వచనం, మధ్యలో జారుడు ఆగినా, దిశ మారినా శక్తికి కాపలా కాయలేదు. పాయిసాన్ నిర్వచనం రెండు దశల ప్రచోదనాలను పోలుస్తుంది. 1990లో స్ట్రాంజ్ ఇచ్చినది రెండు దశల్లో లంబ బలం చేసిన పనిని పోలుస్తుంది, గుణకం ఆ నిష్పత్తికి వర్గమూలం. అదే కడ్డీకి స్ట్రాంజ్ పద్ధతి వాడితే కొన 10 వేగంతో కాక 6.6 వేగంతో లేస్తుంది, శక్తి 84.5 జౌళ్ళకి తగ్గుతుంది. తగ్గిన 10.2 జౌళ్ళు మొదటి దశలో జారుడు ఘర్షణ తిన్నవే. ఒక్క జౌలు కూడా అటూ ఇటూ పోలేదు. జారుడు మధ్యలో ఆగకుండా, దిశ మారకుండా ఉంటే మూడు నిర్వచనాలూ ఒకటే జవాబిస్తాయి. అందుకే మామూలు లెక్కల్లో ఈ తేడా ఎవరికీ కనబడదు.

కడ్డీని వదిలే ముందు ఒక్క మాట. సన్నని కడ్డీ కొన నేల మీద కేంద్రం ఉన్న వైపుకి కాక ఎదురు వైపుకి జారుతూ, మ్యూ 4/3 దాటితే కొన్ని కోణాల్లో మామూలు బల సమీకరణాలకి పొంతన ఉన్న జవాబే దొరకదు. 1890లలో పెన్‌లెవే చూపిన విరుద్ధం ఇది. ఢీ లేకుండానే అక్కడ ప్రచోదనం పుట్టించాల్సి వస్తుంది. పలక మీద సుద్దముక్కను, మొన ముందుండేలా వాల్చి నెడితే గిలకొట్టుకుంటూ చుక్కల గీత పడటం మీరు చూసే ఉంటారు. దానికి దగ్గరి చుట్టం ఇది.

[తెర మీద: గేమ్ ఇంజన్ తెర. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.]

ఈ లెక్కలను కోడ్‌లో పెట్టేవాళ్ళు ఎక్కువగా పడే గోతులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే తరచుగా కనిపించేది, జారుడు వేగానికి కేంద్రం వేగం వాడటం. దాంతో దొర్లే బంతిని కూడా ఘర్షణ ఆపేస్తుంది. తాకే బిందువు వేగం తీసుకోండి, అదీ లంబ ప్రచోదనం ఇచ్చాక కొత్తగా లెక్కేసి.

జారుడు దిశ కావాలంటే జారుడు వేగాన్ని దాని పరిమాణంతో భాగిస్తాం. పరిమాణం సున్నా అయితే? అంకె కానిదేదో పుట్టి, మరుసటి ఫ్రేములో వస్తువు తెర మీంచి మాయమైపోతుంది. భాగించే ముందు ఒక చిన్న హద్దు పెట్టి, దాని కంటే తక్కువైతే ఘర్షణ దశను దాటేయండి.

ఒకే తాకిడిని పది సార్లు తిరగేసి సరిచేసే పద్ధతి మీదైతే, హద్దు వేయాల్సింది ఆ ఒక్క విడత ప్రచోదనానికి కాదు. ఇప్పటిదాకా పోగైన మొత్తం ఘర్షణ ప్రచోదనాన్ని, పోగైన మొత్తం లంబ ప్రచోదనానికి మ్యూ రెట్ల లోపల ఉంచాలి. ఈ ఒక్క తప్పుకే పెట్టెల దొంతర మెల్లగా పక్కకి పాకుతూ ఉంటుంది.

మూడు కొలతల్లో ఘర్షణ హద్దు ఆకారం ఒక శంకువు; రెండు అక్షాలకీ విడివిడిగా హద్దు వేస్తే శంకువుకి బదులు పిరమిడ్ వస్తుంది. మూల దిశలో ఘర్షణ 41 శాతం ఎక్కువవుతుంది. గేముకి ఫర్వాలేదు గానీ, రోబో చేతి పట్టును పరీక్షిస్తుంటే వద్దు. రెండు ప్రచోదనాలనూ ఒకే సదిశగా తీసుకుని పొడవుకి హద్దు వేయండి.

[తెర మీద: మూడు పరీక్షలు వరుసగా నడుస్తాయి.]

కోడ్ రాశాక నేరుగా పెట్టెల గుట్ట మీద పరీక్షించకండి, తప్పు ఎక్కడుందో తెలియదు. ముందు ఘనగోళాన్ని తిరుగుడు లేకుండా కిందికి 5, అడ్డంగా 4 వేగంతో, మ్యూ 0.2, గుణకం 0.8 పెట్టి విసరండి. అడ్డంగా 2.857 రావాలి. అడ్డ వేగం 10కి పెంచితే 8.2 రావాలి. 7.143 వస్తే మీ మ్యూ హద్దు పనిచేయడం లేదు. తర్వాత 45 డిగ్రీల కడ్డీని నిలువుగా 10 వేగంతో, మ్యూ 0.8, గుణకం 0.5తో పడేయండి. కేంద్రం పక్క వేగం 5.625 రావాలి. చివరగా ఆ 9.46 కడ్డీని, గుణకం 1 పెట్టి పంపండి. ప్రతి అభిఘాతానికీ ముందూ వెనకా గతిజ శక్తిని అచ్చువేయించండి. 94.7 తర్వాత 102.3 కనిపిస్తే, మీ ఇంజన్ న్యూటన్ నిర్వచనం మీద నడుస్తోందని అర్థం.